ఫారంలో రెండో పేరు

అల్వాల్‌లో నాకొక జిరాక్స్ షాపు ఉంది. బోర్డు మీద జిరాక్స్ అనే ఉంటుంది గానీ నా అసలు పని ఫారాలు నింపడం. పాస్‌పోర్టు, పింఛను, రేషన్ కార్డు, కరెంటు మీటరు పేరు మార్పు, ఏదైనా సరే, నా దగ్గరికి తెస్తే చాలు. ఇరవై మూడేళ్లుగా ఇదే పని. నా చేత్తో నింపిన ఫారం ఒక్కటి కూడా వాపసు రాలేదని నాకు కొంచెం గర్వం. కొంచెం ఏమిటిలెండి, బాగానే ఉంది. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. "నీ ముంగట కలెక్టర్ సుత పెన్ను కింద పెట్టాలె" అని వెక్కిరిస్తుంటాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుంటాను.

అంతటి నేను నా కన్నకూతురి ఫారం దగ్గరే బోల్తాపడ్డాను. ఇప్పుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని హాయిగా రాస్తున్నాను గానీ, అప్పుడు కొన్నాళ్లు నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది. ఆరేళ్లు అక్కడా ఇక్కడా కాంట్రాక్టు ఉద్యోగాలు వెలగబెట్టింది. ఏ.ఎస్. రావు నగర్ వైపు ఒక సర్కారు ఫ్యాక్టరీలో టెక్నీషియన్ పోస్టులకు పరీక్ష రాసి, మూడోసారికి పాసయింది. వయసు లిమిట్‌కు అదే ఆఖరి ఏడు. ఈసారి తప్పిపోతే మళ్లీ రాయడానికే లేదు. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్. అది సాఫీగా జరిగితేనే ఆర్డరు చేతికొస్తుంది.

దానికి మూడు కాపీల ఫారం. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా ఉద్యోగానికి అనర్హులు అని. చివరి పేజీలో ఒక కాలమ్ ఉంటుంది. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు బాధ్యతగల వ్యక్తుల పేర్లు, చిరునామాలు రాయండి అని. ఈ కాలమ్ దగ్గర మా ఏరియా జనమంతా చేసేది ఒక్కటే. తమను బాగా ఎరిగినవాళ్లను రాయరు. తెలిసినవాళ్లలో ఎవరి ఇల్లు పెద్దదో వాళ్లను రాస్తారు. ఆ అలవాటు చేసింది చాలామటుకు నేనే. సైనిక్‌పురిలో రిటైరైన మిలిటరీ ఆఫీసర్ల పేర్లు ఎన్ని ఫారాల్లో ఎక్కించానో వాళ్లకే తెలియదు. పెద్ద గేటు చూస్తే ఎంక్వైరీకి వచ్చినవాడు గొంతు తగ్గిస్తాడని నా సిద్ధాంతం.

మొదటి పేరుగా మా వీధిలో ఉండే రిటైర్డ్ సుబేదారును రాశాం. రెండో పేరు దగ్గర అమ్మాయి, "కాలేజీల మా లెక్చరర్ మేడమ్‌ను రాద్దామమ్మా" అంది.

"ఆమె కిరాయింట్ల ఉంటది. రేపు ఇల్లు మారితే ఏడ వెతుకుతరు? ఫైనాన్స్ సార్‌ను రాయి" అన్నాను.

లారీలకు, ఆటోలకు, జేసీబీలకు ఫైనాన్స్ ఇచ్చే పెద్ద కంపెనీ ఆ సార్‌ది. సైనిక్‌పురిలో మూడంతస్తుల ఇల్లు, జిల్లాల్లో బ్రాంచీలు. కానీ ఇరవై మూడేళ్ల కిందట ఆయనది ఒక్క గది ఆఫీసు, సరిగ్గా నా షాపు పైన. ఆయన అగ్రిమెంట్లన్నీ నేనే టైపు చేసేదాన్ని. మా అమ్మాయి అప్పుడు ఐదేళ్లది. బడి వదలగానే నా షాపులో కూర్చోవడానికి చోటు చాలక, మెట్లెక్కి ఆయన ఆఫీసులోకి పోయేది. ఒక టేబుల్ కింద బ్యాగు పెట్టుకుని అక్కడే హోంవర్కు, అక్కడే కునుకు. పదో తరగతి దాకా అలాగే సాగింది. ఆయన్ని పెద్దనాన్నా అని పిలిచేది. ఆయన పెళ్లి చేసుకోలేదు. సొంతూరు ఏదో, అయినవాళ్లు ఎవరో ఏనాడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అంత డబ్బున్నవాణ్ణి ఎవరడుగుతారు?

ఫారం ఇచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, పక్క టిఫిన్ సెంటర్లో టీవీ ముందు జనం గుమిగూడారు. నేనూ తొంగి చూశాను. ఏళ్ల తరబడి దొరకని ఒక పేరుమోసిన ఉగ్రవాది ఎక్కడో పట్టుబడ్డాడు. వాడి ఫోటో పక్కనే ఇంకో ఫోటో. "అన్న సికింద్రాబాద్‌లో కోటీశ్వరుడు" అని కింద ఎర్ర అక్షరాలు పరుగెడుతున్నాయి. ఆ అన్న మా ఫైనాన్స్ సార్.

తమ్ముడు ఏ జెండా పట్టినవాడో నేను చెప్పను. చెప్పగానే మీరు సగం కథ మీరే రాసేసుకుంటారు. రద్దీ ఉన్న చోట బాంబులు పెట్టి, ముక్కూ మొహం తెలియని మనుషుల ప్రాణాలు తీసినవాడు. ఆ మాట చాలు.

నిజం ఒప్పుకోవాలి. ఆ టీవీ ముందు నిలబడినప్పుడు నాకు చనిపోయినవాళ్లు గుర్తుకు రాలేదు, సార్ గుర్తుకు రాలేదు. ఫారం గుర్తుకొచ్చింది. చివరి పేజీ, రెండో పేరు, నా చేతిరాత. షాపులో ఎవరో ఆధార్ కార్డు జిరాక్స్ అడిగితే, రెండు వైపులా తీయాల్సింది ఒకే వైపు నాలుగు కాపీలు తీసి ఇచ్చాను.

ఇక మా ఏరియా జనం సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్నటి దాకా ఆయన పక్కన ఫోటో దిగడానికి ఒకళ్లనొకళ్లు తోసుకున్నవాళ్లే. సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి ఆయన నంబరు తీసేశారు. "నాకు ముందే అనుమానముండె" అని ఒకావిడ నా షాపులోనే నిలబడి అంది. ఆమె కొడుకు ఆటో ఆయన ఇప్పించిందే. నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. ఎందుకంటే నేను మాత్రం ఏం చేస్తున్నాను? ఆ పేరును ఎలా వదిలించుకోవాలా అని లోపల్లోపల అదే లెక్క వేసుకుంటున్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన చల్లగా, "తమ్ముడు చేసినదానికి ఆయనేం చేస్తడు?" అన్నాడు.

"ఆయనేం చేయడు. పోయేది నా బిడ్డ నౌకరి" అని అరిచాను.

అమ్మాయి అన్నం కలుపుకుంటూ, "అమ్మా, ఆయనకు నేను తెల్సు. అది నిజమే కద. నిజమే రాసినం. జెర ఊకో" అంది. ఈ కాలం పిల్లలకు నిజం మీద ఎంత నమ్మకమో చూడండి. నాకు మాత్రం ఫారాల ప్రపంచంలో ఉన్న అనుభవం వేరే. అనుమానం వచ్చిన ఫైలు అల్మరాలోకి పోతుంది, మళ్లీ బయటికి రాదు.

మూడు రోజులు నిద్ర లేకుండా ఆలోచించాను. ఫ్యాక్టరీకి ఒక ఉత్తరం కూడా టైపు చేశాను, ఆయనతో మాకు ముఖపరిచయం మాత్రమే అని. ప్రింటు తీశాక దాన్ని చూస్తే నాకే అసహ్యం వేసింది. చించేశాను. చించేసి ఊరుకున్నా బాగుండేది. అంతకంటే గొప్ప ఉపాయం తట్టింది నాకు. పోలీసులు వెళ్లి అడిగినప్పుడు ఆయనే "ఆ పిల్ల నాకు తెల్వదు" అనేస్తే? అప్పుడు ఆ కుటుంబానికి, మా అమ్మాయికి ఏ లంకే ఉండదు కదా. తెలియని మనిషి తమ్ముడు ఎవడైతే మనకేమిటి? ఇరవై మూడేళ్లు ఫారాలు నింపినదాన్ని, ఆ మాటకు రెండో కొస ఎక్కడ తగులుతుందో నాకు తట్టలేదు. భయం పడితే తెలివి ముందు పారిపోతుందని అప్పుడే తెలిసింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, గుడికి పోయొస్తానని చెప్పి స్కూటీ తీశాను. సైనిక్‌పురిలో ఆయన ఇంటి ముందు నుంచి టీవీ బండ్లు అప్పటికి వెళ్లిపోయాయి. వాచ్‌మన్ కూడా పని మానేసి పోయాడు. సారే వచ్చి గేటు తీశారు. గీసుకోని గడ్డం, నలిగిన చొక్కా. ఆయన్ని ఇస్త్రీ లేని చొక్కాలో నేను చూడడం అదే మొదటిసారి.

"రా అమ్మా, లోపలికి రా" అన్నారు. వెంటనే ఏదో తోచినట్టు ఆగి, "వద్దులే. ఎవరన్న చూస్తే నీకే పరేషాన్. గీడ్నే చెప్పు" అన్నారు.

దారంతా వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "సార్... బిడ్డ వెరిఫికేషన్ ఉంది" అని మాత్రం అన్నాను.

"ఫారంల నా పేరు రాసిన్రా?"

"రాసినం సార్. అప్పుడు తెల్వక."

తెల్వక అన్న మాట జారిపోయింది. ఆయన విననట్టే ఊరుకున్నారు. "పోలీసోళ్లు అడిగితే ఆ పిల్ల నాకు తెల్వదని చెప్పాలె. గంతే కద?" అన్నారు.

నేను అడగాల్సింది ఆయనే అడిగేశారు. తల కొట్టేసినట్టయింది. గేటు ఊచల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నీకంటే ముందు శానామంది వచ్చిన్రమ్మా. ఒకాయనైతే పెండ్లి ఆల్బంలకెల్లి నా ఫోటోలు తీపియ్యమన్నడు. పెండ్లి ఆయనది, ఆల్బం ఆయనది, నేనెట్ల తీపిస్త చెప్పు?" అని నవ్వారు కూడా. "నువ్వు దిల్ చిన్నగ చేసుకోకు. తెల్వదనే చెప్త."

నేను తల ఊపి స్కూటీ వైపు తిరిగాను. వెనక నుంచి, "బిడ్డకు ఏ సెక్షన్ ఇస్తరట?" అని అడిగారు.

"టెస్టింగ్ అంటున్నరు సార్."

"మంచిది. కూసోని చేసే పని. కండ్లు జాగ్రత్త అని చెప్పు. చిన్నప్పుడు సుత చీకట్ల చదివేది."

సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కడి నుంచి బయటపడ్డాక నాకు ఎంత తేలికైందో. గుండె మీది బరువు దిగిపోయింది. సైనిక్‌పురిలో బేకరీ దగ్గర ఆగి ఎగ్ పఫ్ తిని, చాయ్ తాగి, ఇంకో పఫ్ తిన్నాను. మూడు రోజుల తర్వాత ఆకలి వేసింది ఆ పూటే. గుడి నుంచి వచ్చినదానివి ప్రసాదం ఏదని మా ఆయన అడిగితే, దారిలోనే తినేశానన్నాను.

ఎనిమిది రోజులకు ఎంక్వైరీ వచ్చింది. పొద్దున పదకొండు కావస్తోంది. షాపులో అమ్మాయి నాకు సాయంగా ఉంది. హెడ్ కానిస్టేబుల్ బండి దిగి, హెల్మెట్ నా కౌంటరు మీద పెట్టి, బ్యాగులోంచి ఫైలు తీశాడు. యాభై దాటిన మనిషి. నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు.

"సుబేదారు సాబ్ మంచిగ చెప్పిండు. స్టేషన్ల ఏ కేసు లేదు. సర్టిఫికెట్లు సుత ఓకే" అని పేజీలు తిప్పాడు. "ఒక్కటే తక్లీఫ్ వచ్చింది. రెండో పేరు."

"సార్, ఆయన తమ్ముని సంగతి మాకు తెల్వదు సార్, ఒట్టు. టీవీల చూసినంకనే..."

"తమ్ముని సంగతి ఎవరడిగిన్రమ్మా?" అన్నాడు. "మీకు మొన్న తెల్సింది. మా స్టేషన్‌కు ఇరవై ఏండ్ల పైకెల్లి ఎరుక. ఆయన ఈడికొచ్చిన కొత్తల్నే స్టేషన్‌కు వచ్చి, నేను ఫలానోని అన్నను, నన్ను ఎప్పుడు పిలిచినా వస్త అని రాసిచ్చిండు. ఆయన మీద చూడని కాయిదం లేదు, అడగని ప్రశ్న లేదు. ఈ ఏరియాల ఆయనంత వెరిఫై అయిన మనిషి ఇంకొకడు లేడు."

"మరి తక్లీఫ్ ఏంది సార్?" అని అమ్మాయి అడిగింది.

"నువ్వు ఎవరో తెల్వదంటుండమ్మా. ఫోటో సుత చూపెట్టిన. ఎన్నడు చూడలేదన్నడు. తెల్వనోని పేరు ఫారంల రాస్తే ఏమైతది? తప్పుడు సమాచారం అయితది. నేను గదే రాసి పంపాలె. సాయంత్రం నాలుగింటికి ఫైలు పోతది."

మొదటి పేజీ మీది పెద్ద అక్షరాలు కళ్ల ముందు గిర్రున తిరిగాయి. ఆ హెచ్చరిక ఎంతమందికి గట్టిగా చదివి వినిపించానో! ఆయన నాకు ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నారు. నా బిడ్డ ఉద్యోగానికి నేనే చేజేతులా ఎసరు పెట్టాను.

"పెద్దనాన్న అట్ల అనడు" అంది అమ్మాయి. ఆయన మీద కోపంతో కాదు, అర్థం కాక. తర్వాత నా మొహం చూసింది. "అమ్మా?"

అడ్డంగా దొరికిపోయాను. అక్కడే, జిరాక్స్ మిషను పక్కన నిలబడి, మొత్తం కక్కేశాను. గుడికని చెప్పి వెళ్లింది, గేటు బయట నిలబడింది, ఆయన తెల్వదనే చెప్తానన్నది, అన్నీ. పఫ్ తిన్న సంగతి మాత్రం దాచుకున్నాను.

హెడ్డు కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఫారాలు నింపేదానివి, ఊరందరికి చెప్పేదానివి, నీకేం పోయేకాలమమ్మా!" అన్నాడు. నాకు ఒక్క మాట పడితే పది మాటలు తిరిగి అనే అలవాటు. ఆ రోజు మాత్రం పడ్డాను.

"ఇప్పుడు నేను చెప్తున్న కద సార్, రాసుకోండ్రి" అన్నాను.

"నీ మాట మీద నేనెట్ల రాస్త? ఆయన చెప్పింది ఆయన నోటితోనే మారాలె."

అమ్మాయి షట్టరు దించేసి, స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. "ఎక్కు" అంది నాతో. అంతే, ఒక్క మాట. హెడ్డు బండి ముందు, మేము వెనక. నేను వెనక సీట్లో దొంగలా కూర్చున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తల తిప్పకుండానే, "నువ్వు అడిగినంక పెద్దనాన్న ఏమన్నడు?" అంది.

"నీకు ఏ సెక్షన్ ఇస్తరని అడిగిండు. కండ్లు జాగ్రత్త అన్నడు."

చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది. ఆకుపచ్చ లైటు పడింది.

సార్ వరండాలో కుర్చీలో ఉన్నారు. మా ముగ్గురినీ చూడగానే లేచి నిలబడ్డారు. మమ్మల్ని గుర్తు పట్టించడానికి పోలీసు తీసుకొచ్చాడని అనుకున్నారు పాపం.

"మల్ల వచ్చిన్రా సార్? చెప్పిన కద, ఈ పిల్ల ఎవరో నాకు తెల్వదు" అన్నారు. అమ్మాయి వైపు చూడనైనా చూడలేదు. చూస్తే దొరికిపోతానని భయం కాబోలు, గోడ మీద క్యాలెండర్‌తో మాట్లాడుతున్నట్టు మాట్లాడారు.

"సార్, చెప్పేయండ్రి. నేనంతా ఒప్పుకున్న" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. "నేనెవర్నా? ఏండ్లకేండ్లు మీ అగ్రిమెంట్లు టైపు కొట్టిన! లారీ నంబరుల ఒక్క అంకె తప్పుపడితే మూడుమార్లు మెట్లు ఎక్కించి దింపిన్రు నన్ను! ఇప్పుడు ఎవరమ్మా నువ్వు అంటరా?" అని వీధి వినేలా అరిచాను. హెడ్డు మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు. సార్ మాత్రం నవ్వలేదు. ఇచ్చిన మాట తప్పకూడదని ఆయన అవస్థ.

అప్పుడు అమ్మాయి వెళ్లి ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. "పెద్దనాన్నా, అమ్మ మీకు ఉల్టా చెప్పింది. మీరు తెల్వదంటేనే నా నౌకరి పోతది. తెల్సు అంటే వస్తది" అంది మెల్లగా.

ఆయన హెడ్డు వైపు చూశారు. "నిజమేనా సార్?"

"నిజమే. తెల్సంటే ఇప్పుడే రాసుకొని పోత."

సార్ కుర్చీలో కూలబడ్డారు. తర్వాత మొదలుపెట్టారు చూడండి, ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. "తెల్సు సార్. ఐదేండ్ల పిల్లప్పటి సంది తెల్సు. రెండో క్లాసుల ఉన్నప్పుడు నా ఆఫీసు ఫోను మొత్తం విప్పి పెట్టింది సార్, లోపల మాట్లాడేటోడు ఏడున్నడో చూస్తనని. నేను గట్టిగ కోప్పడ్డ. రెండు దినాలు మెట్లెక్కలే. ఇగ నేనే పోయి స్క్రూడ్రైవర్ల డబ్బా కొనుక్కొచ్చి, ఖరాబైన రేడియో ముందర పెట్టి, ఇది విప్పు, ఫోను జోలికి పోకు అన్న. కామెర్లు అయినప్పుడు నెల రోజులు బడికి పోలే. లెక్కలల్ల హుషారు, తెలుగుల జెర కచ్చా. అబద్ధం చెప్పదు సార్. చెప్దామన్నా రాదు దానికి, చెవులు ఎర్రగైతయ్..."

"చాలు సార్, చాలు. కాలమ్ చిన్నగుంది" అన్నాడు హెడ్డు రాసుకుంటూ.

సార్ నవ్వారు. నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నారు. "ఈ పది దినాల్ల అందరు నా తాన్కి వచ్చి, తెల్వదని చెప్పమన్నోళ్లే. తెల్సని చెప్పమన్నది ఇదొక్కతే" అన్నారు. ఫైలు మీద సంతకం పెట్టారు.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఇన్నేండ్లల్ల మాకొక్క మాట చెప్పలేదేంది సార్?"

"పోలీసోళ్లు అడిగిన్రు, చెప్పిన. మీరు అడగలే" అన్నారు. అమ్మాయి వైపు చూసి, "ముందుగాల్నే చెప్తే ఈ పిల్లను నా మెట్లు ఎక్కనిచ్చేదానివా అమ్మా?" అన్నారు.

ఎక్కనిచ్చేదాన్ని కాదు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆర్డరు నెల తిరక్కుండా వచ్చింది. అమ్మాయి టెస్టింగ్ సెక్షన్లోనే చేరింది. పొద్దున ఆరున్నరకు డబ్బా కట్టించుకుని పోతోంది. ఫ్యాక్టరీ గేటులో కార్డు చూపించి లోపలికి నడుస్తుంటే చూడాలని మొదటి రోజు నేనూ వెంట వెళ్లాను. అది లోపలికి పోయాక రోడ్డు మీదే నిలబడి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. అన్నేళ్ల బరువు దిగింది మరి. మా ఆయన ఇప్పటికీ, "గుడికి పోతున్నవా, నిజంగనేనా?" అని అడుగుతూనే ఉంటాడు. పడతాను. నా ఫారం ఒక్కటీ వాపసు రాలేదన్న మాట ఇప్పటికీ నిజమే గానీ, పైకి చెప్పుకోవడం మానేశాను.

అయితే ఆ రోజు సార్ ఇంటి గేటు దగ్గర హెడ్డు నాతో అన్న మాట ఒకటి మిగిలిపోయింది. అమ్మాయి లోపల సార్ దగ్గరే కూర్చుని ఉంది. నేను హెడ్డును సాగనంపడానికి వచ్చాను. హెల్మెట్ పెట్టుకోబోతూ ఆగాడు.

"అమ్మా, ఆయన తమ్ముడు ఏడ ఏం చేసినా, మా డిపార్ట్‌మెంట్ ఈ గేటు కాడికే వచ్చింది. నాకంటే ముందటోళ్లు వచ్చిన్రు, నేను సుత వచ్చిన. వాడు నీకేమైతడు అని అడిగినం. నాకేం గాడు, నాకు తెల్వదు అని ఒక్కపారన్న అనొచ్చు. పెద్ద బిజినెస్, పెద్ద పేరు, అట్లంటే ఆయనకే ఫాయిదా. అనలే. చచ్చినోళ్ల కోసం మా ముంగట ఏడ్చిండు గాని, నా తమ్ముడే సార్ అన్నడు. ప్రతిసారి గంతే. ఇరవై ఏండ్లల్ల ఆయన మాకు చెప్పిన అబద్ధం ఒక్కటే ఒక్కటి. నీ బిడ్డ తెల్వదనుడు."

బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లక కాసేపు గేటు బయటే నిలబడ్డాను. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "సార్, చాయ్ నేను పెడతా, మీ కిచెన్ ఏడుంది?" అని గట్టిగా అడుగుతూ లోపలికి నడిచాను.